కాల్చకుండా రేకు వంచడం: బడి వర్క్‌షాపుకి టీచర్లను తయారు చేయడం ఎలా

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల బళ్లలో వర్క్‌షాపు అంటే నేను చూసినంతలో ఒక గది, రెండు బెంచ్ వైసులు (ముక్కని దవడల మధ్య బిగించి పట్టే సాధనాలు), మూలన కొన్ని రేకు ముక్కలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. వెల్డింగ్ సెట్టు ఉన్నా పిల్లల చేతికి ఇవ్వలేం. అలాంటి చోట మంట లేకుండా, కరెంటు లేకుండా లోహాన్ని వంచి, మడిచి, కొట్టి ఆకారం తేవడం ఎంతో పనికొచ్చే విద్య. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకి 10 రోజులు బ్యాగు లేకుండా చేతిపనులు చూపించమంది. ఆ పని మీ బడిలో మీకే అప్పగించినా, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఉన్న బళ్ల టీచర్లకి మీరే శిక్షణ ఇవ్వాల్సి వచ్చినా, ఏది ముందు ఏది తర్వాత నేర్పాలో నా అనుభవం కొద్దీ చెబుతాను.

ముందు ఒక సంగతి. నేను నేర్పిన మొదటి బ్యాచ్‌లో ఒక సైన్సు మాస్టారు 3 మిల్లీమీటర్ల పట్టీని వైసులో బిగించి, దానికి ఒక పైపు తొడిగి బలంగా లాగారు. వైసు సరిగ్గా బిగలేదు. సగం వంగిన పట్టీ జారి, పైపుతో సహా వెనక్కి తన్నింది. కనుబొమ్మ మీద చీరుకుంది. ఒక్క అంగుళం కిందకి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ రోజు నేను వైసు బిగింపు చూడలేదు, ఆయనకి కంటి రక్షణ కళ్లద్దాలూ పెట్టించలేదు. మంట లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

వంచుతున్న రేకు బిగించిన విల్లు లాంటిది. మనం పెట్టిన బలంలో కొంత దానిలోనే దాగి ఉంటుంది, చెయ్యి వదిలిన క్షణాన బయటికొస్తుంది. అందుకే నా శిక్షణ మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇది వదిలితే ఎటు తన్నుతుంది? ప్రతి పనికి ముందు టీచరు ఈ ప్రశ్న పైకి అడిగి, పైకే జవాబు చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

పన్నెండు మంది టీచర్లకి మించి ఒక బ్యాచ్ పెట్టకండి. మూడు రోజులు కావాలి. ఇద్దరికి ఒక వైసు ఉంటే సరిపోతుంది.

మెత్తటి అల్యూమినియం రేకు 1 మి.మీ., ఇనుప రేకు 20 గేజి, అంటే సుమారు 0.9 మి.మీ., కొంచెం ఇత్తడి రేకు, కొంచెం రాగి రేకు, 10 గేజి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ ఒక చుట్ట. రేకు కత్తెరలు, కొయ్య సుత్తులు, ఉండ తల సుత్తి ఒకటి, ఆకురాళ్లు, కోణమాపకం. వానాకాలంలో ఇనుప రేకు రెండు వారాల్లో తుప్పు పడుతుంది, కాబట్టి నూనె గుడ్డతో తుడిచి, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.

కళ్లద్దాల దగ్గర మాత్రం డబ్బు ఆదా చేయొద్దు. పెద్దల సైజు అద్దాలు పిల్లల ముక్కు మీద నిలవవు, వంగగానే జారిపోతాయి. వెనక ఎలాస్టిక్ పట్టీ ఉన్నవి కొనండి. సులోచనాలు పెట్టుకునే పిల్లలకి వాటి మీద పట్టేవి రెండు జతలు వేరేగా ఉంచండి. చెప్పులతో, వట్టి కాళ్లతో వచ్చే పిల్లలు మన వైపు ఎందరో. వాళ్లని బయట నిలబెట్టడం అన్యాయం. గది గుమ్మం దగ్గరే ఎనిమిది జతల పాత బూట్లు పెట్టించండి, వేసుకుని లోపలికి వస్తారు. ఊళ్లో అడిగితే ఇస్తారు.

మొదటి పాఠం తీగతో

రేకు ముట్టుకోనివ్వకముందు ప్రతి టీచరుకీ ఒక జానెడు జీఐ తీగ ఇవ్వండి. వైసులో బిగించి అటూ ఇటూ వేగంగా వంచమనండి. అందరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. మొదటి రెండు వంపులు తేలిగ్గా వస్తాయి. నాలుగోదానికి చెయ్యి బరువెక్కుతుంది. అప్పుడు ఆపి వంపు దగ్గర వేలు పెట్టి చూడమనండి, వెచ్చగా ఉంటుంది. మంట లేకుండా ఆ వేడి ఎక్కణ్నించి వచ్చిందని అడగండి. జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే వెతుక్కోనివ్వండి. ఇంకొన్ని వంపులు వంచితే తీగ పుటుక్కున విరుగుతుంది.

అప్పుడు చెప్పండి. లోహం లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారితేనే అది వంగుతుంది. జారిన కొద్దీ లోపల చిక్కులు పడతాయి, దారం ఉండ చిక్కుపడ్డట్టు. చిక్కులు పెరిగే కొద్దీ గట్టిపడుతుంది, ఇక జారడానికి దారి లేనప్పుడు పగులుతుంది. ఇత్తడి బిందె సొట్ట తీసే కంచరి మధ్య మధ్యలో బిందెని ఎందుకు కాలుస్తాడో అప్పుడు టీచర్లకి అర్థమవుతుంది. ఆ వేడికి చిక్కులు విడిపోయి లోహం మళ్లీ మెత్తబడుతుంది. గంజాం జిల్లా బెలగుంఠ ఇత్తడి చేప, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాను మన టీచర్లలో చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. ఈ పాఠం అక్కడి నుంచి మొదలుపెడితే అందరి ముఖాలూ వెలుగుతాయి.

కాల్చి మెత్తబరచడం టీచర్లు మాత్రమే, ఆరుబయట, మండేవి ఏవీ దగ్గర లేని చోట చేయాలి. రాగి మసక ఎరుపు రంగుకి వచ్చాక నీళ్లలో ముంచొచ్చు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైగా ఎర్రబడకుండానే కరిగిపోతుంది, కంటికి ఆనవాలు దొరకదు. దాని మీద సబ్బుతో ఒక గీత గీసి వేడి చేయండి. గీత నల్లబడగానే మంట తీసేయండి. జీఐ రేకుని, జీఐ తీగని మాత్రం ఎవరూ ఎప్పుడూ కాల్చకూడదు. పైపూత జింకు, దాని పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి.

మూడు పట్టీలు, ఒక కోణమాపకం

నా లెక్కలో మొత్తం శిక్షణకి ఇదే గుండెకాయ. పూర్తిగా ఒక పూట దీనికే ఇవ్వండి.

25 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు పట్టీలు అల్యూమినియంలో ఒకటి, ఇనుములో ఒకటి, ఇత్తడిలో ఒకటి కోసి, అంచులు రుద్ది ఇవ్వండి. టీచరు పట్టీని వైసులో నిలువుగా బిగించి, కొయ్య సుత్తితో సరిగ్గా 90 డిగ్రీలకి వంచాలి. అలాగే చేత్తో నొక్కి పట్టుకుని కోణం కొలవాలి. తర్వాత చెయ్యి వదిలి మళ్లీ కొలవాలి. మెత్తటి అల్యూమినియం ఒకటి రెండు డిగ్రీలే వెనక్కి వస్తుంది. ఇనుము ఇంకొంచెం. గట్టి ఇత్తడి ఇంకా ఎక్కువ. పాత స్టీలు గిన్నె ముక్క దొరికితే అది కూడా పెట్టి చూడండి, స్టెయిన్‌లెస్ స్టీలు ఎంత మొండిదో తెలుస్తుంది. రేకు మందం, వంపు గుండ్రం (మూల తిరిగిన వ్యాసార్థం) మారితే ఈ అంకెలూ మారతాయి, అందుకే ఎవరి పట్టీ వాళ్లే కొలిచి పలక మీద రాయాలి.

ఒకసారి కాశీనగర్ వైపు నుంచి వచ్చిన లెక్కల టీచరు ఒకావిడ నన్నడిగారు: "మాస్టారూ, వెనక్కి వస్తుందని తెలిసినప్పుడు ముందే రెండు డిగ్రీలు ఎక్కువ వంచేస్తే సరిపోదా అండీ?"

"సరిపోతుందమ్మా, అలాగే చేస్తారు. అయితే ఆ రెండు డిగ్రీల బలం ఇప్పుడు ఎక్కడుంది?"

ఆవిడ కాసేపు పట్టీ వైపు చూసి, తల పక్కకి జరుపుకున్నారు. ఆ ఒక్క కదలిక చాలు నాకు. ఆ రోజు నుంచి ఆవిడ ముఖం ఎప్పుడూ వంపుకి ఎదురుగా పెట్టలేదు.

అదే పూట ఇంకో పరీక్ష చేయండి. ఫ్యాక్టరీలో రోలర్ల మధ్య సాగిన దిశలో రేకు మీద సన్నని గీతలు కనిపిస్తాయి, వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. మడత ఆ గీతలకి అడ్డంగా పడేలా వంచితే వంపు నున్నగా వస్తుంది. గీతల వెంబడే వంచితే, ముఖ్యంగా గట్టి రేకులో, బయటి వైపు చిన్న చిన్న నెర్రెలు పడతాయి. రెండు రకాలూ వంచి, భూతద్దంతో పక్కపక్కన చూపించండి. వంపు లోపలి గుండ్రం కనీసం రేకు మందమంత ఉండాలని అప్పుడు చెబితే ఎవరూ మరిచిపోరు.

కొలతలు కూడా ఇక్కడే. బయటి కొలత 30, 30 మి.మీ. ఉండే ఎల్ ఆకారానికి 60 మి.మీ. రేకు కోస్తారు చాలామంది. 1 మి.మీ. రేకు, 1 మి.మీ. లోపలి గుండ్రం అయితే ఒక్కో వంపుకి సుమారు 1.8 మి.మీ. తగ్గించాలి, అంటే 58 దగ్గర కోయాలి. ముందుగా పాత పెళ్లికార్డు అట్టతో అదే ఆకారం మడిచి చూపించండి. అట్టకి ఈ లెక్క అక్కర్లేదు, రేకుకి కావాలి, ఎందుకో పిల్లలే అడుగుతారు.

వంచకూడనివి కూడా పేరు పెట్టి చెప్పండి. హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, డ్రిల్లు బిట్టు, బండి కమాను పట్టీ, ఇంకే స్ప్రింగు స్టీలైనా సరే. ఇవి వంగి నిలవవు, వెనక్కి తన్నుతాయి, లేదా గాజులా పగిలి ముక్కలు ఎగురుతాయి. పిల్లలు ఇంటి నుంచి తెచ్చే తుక్కులో ఇవే ఎక్కువ ఉంటాయి. మూలన ఒక డబ్బా పెట్టి, టీచరు చూడనిదే ఏ ముక్కా వైసులోకి వెళ్లకూడదనే నియమం పెట్టండి.

అంచు

రేకు పనిలో తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కోతలే. సుత్తి దెబ్బలకి భయపడతారు, రేకు అంచుకి ఎవరూ భయపడరు.

కత్తెర మొదటి పాఠం ఇది: బ్లేడ్లు పూర్తిగా మూయొద్దు. చివరిదాకా మూస్తే కోసిన గీతలో చిన్న ముల్లు నిలబడుతుంది, అదే వేలిని చీరుతుంది. ముప్పాతిక వంతు మూసి, ముందుకి జరిపి, మళ్లీ కోయాలి. కోసిన సన్న పీలిక పైకి చుట్టుకుంటుంది, దాన్ని చేత్తో లాగకూడదు, పట్టుకారుతో తీయాలి.

తర్వాత ఆకురాయి. అంచు వెంబడి పొడవుగా నడపాలి, రెండు వైపులా. అంచు నున్నబడిందో లేదో వేలితో చూడొద్దు. పాత బనియన్ గుడ్డ ముక్క అంచు మీద లాగండి. ఒక్క దారం పట్టుకున్నా మళ్లీ రుద్దాలి. నా బ్యాచ్‌లలో ప్రతి టీచరు జేబులో ఒక బనియన్ ముక్క ఉంటుంది. వాళ్ల ముక్కల్లో దారాలు లేవకుండా ఉంటే తప్ప తర్వాతి పని ఇవ్వను.

చేతిలో పట్టుకునే వస్తువు ఏదైనా, చెత్త ఎత్తే చేట అయినా పెన్నుల డబ్బా అయినా, పై అంచు 5, 6 మి.మీ. లోపలికి మడిచి కొట్టించండి. రేకు బలంగానూ ఉంటుంది, చెయ్యీ కోసుకోదు. పిల్లలు చేసే మొదటి వస్తువు ఈ మడతతోనే ఉండాలని నా పట్టుదల.

సుత్తి, ఉలి

వేగంగా చెబుతాను. తల వదులైన సుత్తి ఆ క్షణమే పక్కన పెట్టాలి. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ రెక్కలు అరగదీసేదాకా వాడొద్దు, దెబ్బకి అవి ఊడి ఎగురుతాయి. సుత్తిని సుత్తితో కొట్టొద్దు. రేకు మీద ఎప్పుడూ కొయ్య సుత్తి లేదా నైలాన్ సుత్తి. గదిలో ఆరుగురు ఒకేసారి కొడితే చెవులు గింగురుమంటాయి, వంతుల వారీగా కొట్టించండి, రేకు కింద ఇసక సంచి పెడితే మోత చాలా తగ్గుతుంది.

చేతి యంత్రాలు ఉంటే

కొన్ని బళ్లకి మీట కత్తెర (పొడవాటి పిడిని కిందకి లాగి రేకు కోసేది), మడత యంత్రం, రేకుని గుండ్రంగా వంచే రోలర్లు వచ్చి ఉంటాయి. వీటి దగ్గర ప్రశ్న ఇంకొంచెం పెద్దది: వదిలితే ఎటు తన్నుతుంది, లాగితే ఎటు లాక్కుపోతుంది?

మీట కత్తెర పిడి దాని బరువుతోనే కిందకి పడుతుంది. పని అయిపోగానే పిడి పైకి లేపి గొలుసు, తాళం వేయాలి. తాళం చెవి గోడకి కాదు, టీచరు మెడలో ఉండాలి. రోలర్ల దగ్గర చేతి తొడుగులు వద్దు. రేకు మోసేటప్పుడు తొడుగు కాపాడుతుంది, తిరిగే రోలరు దగ్గర అదే తొడుగు వేళ్లని లోపలికి లాక్కుపోతుంది. ఈ తేడా టీచర్ల చేత మూడుసార్లు చెప్పించండి, ఎందుకంటే మంచి మనసున్న టీచర్లే పొరపాటున రోలరు దగ్గర పిల్లలకి తొడుగులు ఇస్తారు. చున్నీ వెనక్కి ముడి వేసి పిన్ను పెట్టాలి, చీర కొంగు నడుం చుట్టూ దోపాలి. గాజులు, ఉంగరాలు, మణికట్టు తాళ్లు తీసి ఒక డబ్బాలో పెట్టాలి. తాయెత్తు తీయడానికి ఇష్టపడని పిల్లలుంటే బలవంతం వద్దు, ఆ రోజు వాళ్లకి కొలతల పని ఇవ్వండి.

ఒక యంత్రం దగ్గర ఒక్కరే. ఒకరు రేకు పట్టుకుని ఇంకొకరు పిడి లాగడం పూర్తిగా నిషేధం. పట్టుకున్న చెయ్యి ఎక్కడుందో లాగేవాడికి తెలియదు.

పట్టీలు చుట్టలుగా వంచే బెండరు ఉంటే, పట్టీ తోక ఎంత దూరం తిరుగుతుందో నేల మీద సుద్దతో ఒక చాపం గీయండి. ఆ గీత లోపల ఎవరూ నిలబడకూడదు. ఒక బడిలో ఆడపిల్లలు ఆ గీతని ముగ్గు పిండితో వేసి, చుట్టూ చుక్కలు కూడా పెట్టారు. ఆ ముగ్గుని తొక్కడానికి ఏ పిల్లవాడికీ మనసు రాలేదు.

కరెంటుతో నడిచే పవర్ ప్రెస్సు బడిలోకి రానే కూడదు. చూపించాలంటే ఐటీఐకి తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి.

మాట ఒక్కటే ఉండాలి

మన సరిహద్దు బళ్లలో ఇంట్లో తెలుగు, తరగతిలో ఒడియా, కొండ వైపు పిల్లలకి సొర (సవర) భాష. ప్రమాదం కనబడ్డప్పుడు టీచరు నోట ఏ భాష వస్తుందో చెప్పలేం. అందుకే ఆపమని చెప్పడానికి "స్టాప్" అనే ఒక్క మాటే పెట్టుకోండి, అది అందరికీ తెలుసు. ఆ మాట వినగానే గదిలో అందరూ చేతులు భుజాల దాకా ఎత్తి నిలబడిపోవాలి. వంపులో ఉన్న రేకుని వదలకుండా ఎలా ఆగాలో కూడా నేర్పాలి, లేకపోతే ఆపమన్న మాటకే రేకు తన్నుతుంది: వైసులో ఉన్నది అలాగే ఉంచి, తల పక్కకి జరిపి, మెల్లగా వదలాలి, ఆ తర్వాతే చేతులు ఎత్తాలి. రోజుకి మూడుసార్లు, చెప్పకుండా, ఈ సాధన చేయించండి. పనిముట్ల పేర్లు మూడు భాషల్లో రాసి గోడకి అంటించండి, సొర మాటలు పిల్లల్నే అడిగి రాయండి.

మూడో రోజు: టీచరు టీచరుకి నేర్పాలి

కాగితం పరీక్ష పెట్టకండి. టీచర్లు వచ్చేసరికి గదిలో ఐదు తప్పులు పెట్టి ఉంచండి: విచ్చుకున్న ఉలి, తాళం లేని పిడి, నేల మీద రేకు పీలిక, వదులు సుత్తి, తుక్కు డబ్బాలో దాచిన హ్యాక్సా బ్లేడు. ఐదు నిమిషాల్లో ఐదూ పట్టుకోవాలి. తర్వాత ఒక టీచరు పాఠం చెబుతుంటే మిగతావాళ్లు అల్లరి పిల్లల్లా ప్రవర్తించాలి. ఒకరు అద్దాలు నుదుటి మీదకి తోస్తారు, ఒకరు పక్కవాడి పని చూస్తూ తల వంచుతారు. టీచరు ఎవరినీ తిట్టకుండా, పని ఆపించి సరిదిద్దగలగాలి. నలభై మంది తరగతిలో ఒకేసారి ఎనిమిది మందికే రేకు ఇవ్వాలి, మిగతావాళ్లు అట్టతో నమూనాలు చేయాలి. ఈ విభజన కూడా ఇక్కడే సాధన చేయించండి.

దెబ్బ తగిలితే

కోతకి శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి పైకి లేపి ఉంచండి. పది నిమిషాలు గుడ్డ ఎత్తి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు, మన ఇళ్లలో వెంటనే చెయ్యి వాటి మీదకే వెళుతుంది. కంట్లో లోహం ముక్క గుచ్చుకుంటే రుద్దొద్దు, తీయాలని చూడొద్దు, ఒత్తిడి పడకుండా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేలు నలిగితే వాపు రాకముందే ఉంగరం తీయండి. 108 నంబరు గోడ మీద పెద్దగా రాయండి. 10, 16 ఏళ్లకి వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పిల్లలకి పడిందో లేదో రేకు పని మొదలుపెట్టే ముందే ఆశా కార్యకర్తని అడిగి రాసి పెట్టుకోండి.

తప్పిన గండాల పుస్తకం

ప్రతి బడికీ ఒక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చి పంపండి. దెబ్బ తగిలినవి కాదు, తగలబోయి తప్పినవి అందులో రాయాలి. పట్టీ జారింది, ముక్క ఎగిరింది, ఒకరు గీత దాటారు. పేర్లు వద్దు, తేదీ, ఏం జరిగింది, ఎటు తన్నింది, అంతే. పిల్లలు కూడా రాయొచ్చు. హెడ్మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి, ఈ పుస్తకం చూసి ఎవరికీ నోటీసు ఇవ్వకూడదని.

నెల తిరిగాక ఆ బడికి వెళ్లండి. యంత్రాలు చూసేముందు ఈ పుస్తకం తెరవండి. నాలుగైదు పేజీలు నిండి ఉంటే వాటిని టీచరుతో కలిసి చదివి, ఒక్కో సంఘటనకీ వైసు దగ్గర నిలబడి మళ్లీ చేసి చూడండి. పుస్తకం ఖాళీగా ఉంటే నేనైతే ఆ రోజు పని మొదలుపెట్టనివ్వను. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, "ఈ నెలలో రేకు ఎవరి చేతిలో జారింది?" అని అడుగుతాను. మొదట ఎవరూ మాట్లాడరు. కాసేపటికి వెనక వరసలోంచి ఒక చెయ్యి లేస్తుంది. పెన్ను ఆ పిల్లకే ఇచ్చి, మొదటి పేజీ రాయిస్తాను.